రామదాసు మాకు నచ్చడు

ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాం. 'మాలపల్లి' నవలలో రామదాసు మాకు నచ్చడు. చదివిన మొదటిసారి నచ్చలేదు. ఇరవై ఏండ్ల తర్వాత మళ్ళీ చదివితే ఇంకా నచ్చలేదు. ఈ మాట ఇన్నాళ్ళూ గట్టిగా అనలేదు. అంటే ఏమవుతుందో తెలుసు. 'ఒక మహానుభావుడు జైల్లో కూర్చుని మీ వాళ్ళ మీద అంత పెద్ద నవల రాస్తే మీకు కృతజ్ఞత లేదా?' అంటారు. అట్లా అడిగేది అగ్రవర్ణ పండితులే అనుకోకండి. మన పక్కన కూర్చునే ప్రగతిశీల మిత్రులు కూడా అడుగుతారు.

కృతజ్ఞత ఉంది. ఎంత ఉందో కూడా కింద చెబుతాం. కానీ కృతజ్ఞత వేరు, నచ్చడం వేరు. మన పెద్దలకు తరతరాలుగా ఈ రెండూ ఒకటేనని నేర్పారు. పెట్టిన చేతికి దండం పెట్టాలి, పెట్టిన కూడు చప్పగా ఉందని మాత్రం అనకూడదు. ఆ కాలం పోయింది. ఇప్పుడు అంటాం.

'మేము' అంటే ఎవరు అని అడుగుతారు. వరంగల్ జిల్లాలో సర్కారు బడి పంతుళ్ళం. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా ముట్టుకున్న మొదటి తరం. పొద్దున బడి, సాయంత్రం సంఘం. రాస్తున్నది ఒక చెయ్యే అయినా ఈ కథ ఒక్కరిది కాదు. అందుకే 'మేము'.

అద్దె పుస్తకాల రోజులు

హన్మకొండలో డిగ్రీ చదివే రోజుల్లో మా హాస్టలు దగ్గర ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని, మధుబాబు షాడోని అక్కడే చదివాం. ఒక పుస్తకాన్ని గదిలో నలుగురం వంతులేసుకుని ఒకే రాత్రిలో పూర్తి చేసేవాళ్ళం, రెండో రోజు అద్దె పడకుండా. మాలో ఒకడికి యుగంధర్ అంటే పడేది కాదు. 'వీనికి అన్నీ ముందే ఎట్ల తెలుస్తయిరా' అనేవాడు. ఇంకొకడికి షాడో కన్నా వెంట తిరిగే గంగారామే ఇష్టం. ఎవరి ఇష్టం వాళ్ళది. షాడో నచ్చలేదన్నందుకు మమ్మల్ని కులం అడిగినవాడు లేడు, కృతజ్ఞత అడిగినవాడు లేడు. కథానాయకుడు నచ్చకపోవడం చదివేవాడి హక్కు అని మాకు ఆ అద్దె పుస్తకాలే నేర్పాయి.

ఆ హక్కు క్లాసురూములో లేదు. తెలుగు లెక్చరరు 'మాలపల్లి' గురించి చెబుతూ, 'రామదాసు వంటి సాత్వికుడు ఊరికొక్కడుంటే ఈ కులాల తగువులే ఉండవు' అన్నాడు. అని ఊరుకోలేదు. వెనక బెంచీల వైపు, అంటే మా వైపు, చూశాడు. చెడ్డ మనిషి కాదు ఆయన. మాకు మంచి చెబుతున్నాననే అనుకున్నాడు. చౌదరయ్య వంటి భూస్వామి ఊరికొక్కడు లేకపోతే కూడా తగువులు ఉండవు కదా అని మాకు అప్పుడు తోచలేదు. తోచినా లేచి అనే ధైర్యం లేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాం.

ఉన్నవకు ఇవ్వాల్సింది ఇద్దాం

ఉన్నవ లక్ష్మీనారాయణ 1877లో గుంటూరు జిల్లా వేములూరుపాడులో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. బారిస్టరు చదివాడు. వితంతు వివాహాలు చేయించి సొంత కులం చేత తిట్లు తిన్నాడు. గుంటూరులో ఆడపిల్లల కోసం శారదానికేతనం పెట్టాడు. పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో జైలుకు పోయాడు. ఆ జైల్లోనే ఈ నవల రాశాడు. 1922లో అచ్చయింది. తెల్లవాళ్ళ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం వచ్చాకే ఆ నిషేధం పోయింది.

రాజుల కథలు, జమీందారీ ఇళ్ళ పెళ్ళిళ్ళు నవలలుగా వస్తున్న రోజుల్లో ఒక బ్రాహ్మణుడు పుస్తకం అట్ట మీద 'మాలపల్లి' అని వేయించాడు. ఆ పేరు నోటితో పలికితే స్నానం చేసే కాలం అది. కూలిజనం మాట్లాడే మాటను కూలిజనం నోటనే వినిపించాడు. యుద్ధం రోజుల్లో గింజల ధర పెరిగితే, గింజల కూలి మానేసి డబ్బుల కూలి ఇస్తామనే ఆసాముల ఎత్తుగడను పసిగట్టి రాశాడు. ఇవన్నీ చిన్న సంగతులు కావు. దండం పెట్టాల్సిన చోట పెట్టాం. ఇక మాట్లాడుకుందాం.

కథ తెలియని తమ్ముళ్ళ కోసం నాలుగు మాటలు. మంగళాపురం మాలపల్లిలో రామదాసు పెద్దమనిషి. కొంత సొంత సేద్యం, భజనలు, వేదాంతం, వైష్ణవ భక్తి. కొడుకులు వెంకటదాసు, సంగదాసు, రంగడు. కూతురు జ్యోతి. సంగదాసు చౌదరయ్య దగ్గర పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి స్నేహితుడు కూడా. కూలి తగువులో చౌదరయ్య చేతి దెబ్బకు సంగదాసు చనిపోతాడు. వెంకటదాసు తిరగబడి, తక్కెళ్ళ జగ్గడు అనే పేరుతో దండు కట్టి పెద్దలను కొట్టి పేదలకు పెడతాడు. పట్టుబడతాడు, బతకడు. భూమి పోతుంది, ఇల్లు చెదురుతుంది, రామదాసు జైలు పాలవుతాడు. కొడుకు పోయినా, భూమి పోయినా రామదాసు నోట కర్మ, దైవం, క్షమ తప్ప వేరే మాట రాదు. చివరికి సంగదాసు పేరు మీద పీఠం వెలుస్తుంది. రామదాసు అన్నీ వదిలి తపస్సుకు పోతాడు.

నవలకు 'సంగవిజయం' అని ఇంకో పేరుంది కదా, నాయకుడు సంగదాసు కదా అని కొందరు వాదిస్తారు. సంగదాసు మధ్యలోనే పోతాడు. మొదటి నుంచి చివరి దాకా నిలబడేది, పాఠకుడు చేతులు జోడించాల్సి వచ్చేది రామదాసుకే. మా తగువు ఆయనతోనే.

కాండక్టు సర్టిఫికెటు

బడి పంతుళ్ళుగా మేం ఏటా కాండక్టు సర్టిఫికెట్లు రాస్తాం. పిల్లవాడి నడవడి బాగుంది అని సంతకం పెట్టి ముద్ర కొట్టి ఇస్తాం. అది లేకపోతే పై బడి వాళ్ళు చేర్చుకోరు. రామదాసు మాకు అట్లాంటి సర్టిఫికెటులాగే కనిపిస్తాడు. 'ఈ మాల మంచివాడు, భక్తుడు, కోపం లేనివాడు, కొడుకును చంపినా పల్లెత్తు మాట అనడు, కాబట్టి ఇతన్ని మనుషుల్లో చేర్చుకోవచ్చు.' సంతకం ఉన్నవది. ముద్ర గాంధీ కాలానిది.

మరి మిగతా కులాల కథానాయకులకు ఈ సర్టిఫికెటు ఎందుకు అక్కరలేదు? గురజాడ 'కన్యాశుల్కం' గిరీశాన్ని చూడండి. అబద్ధాలకోరు, అప్పులు ఎగ్గొట్టేవాడు, ఆడవాళ్ళను మోసం చేసేవాడు. నూరేండ్లకు పైగా తెలుగువాళ్ళు నవ్వుకుంటూ నెత్తిన పెట్టుకున్నారు. ఆ నాటకం మొదటి కూర్పు 1897లో, పెంచి రాసింది 1909లో వచ్చింది. ఇన్నేండ్లలో గిరీశం మంచివాడు కాదు కాబట్టి అతని కులం వాళ్ళను బడిలోకి రానీయొద్దని ఎవరన్నా అన్నారా? విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' ధర్మారావు ఇంకో రకం. వర్ణధర్మం కూలిపోతోందని పుస్తకం పొడుగునా బాధపడతాడు. ఆ వర్ణధర్మం కింద నలిగినవాళ్ళం మేం. ధర్మారావు మాకు నచ్చడం అయ్యేపని కాదు. అయినా ఆ నవలను మా జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావే 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి మార్చాడు, దేశం చదివింది. ధర్మారావు నచ్చడని ఎవరైనా అంటే 'అభిప్రాయ భేదం' అంటారు. రామదాసు నచ్చడని మేం అంటే 'కృతజ్ఞత లేని జాతి' అంటారు. తూకం ఒక్కటేనా?

గిరీశానికి దొంగగా ఉండే స్వేచ్ఛ ఉంది. ధర్మారావుకు మొండిగా ఉండే స్వేచ్ఛ ఉంది. రామదాసుకు మంచితనం తప్ప వేరే దారి లేదు. అతనికి కోపం వస్తే ఏమవుతుంది? వెంకటదాసు అవుతాడు. వెంకటదాసును నవల బతకనివ్వలేదు. మాకు నచ్చినవాడు అతనే. పుస్తకం మూసినాక మా హాస్టలు గదిలో అందరం మాట్లాడుకున్నది జగ్గడి గురించే, రామదాసు ఊసెత్తినవాడు లేడు. ఒకే ఇంట్లో ఇద్దరిని పెట్టి, తిరగబడినవాడికి చావు, తలవంచినవాడికి తపస్సు పంచి ఇచ్చారు. ఈ పంపకంలో పాఠం ఎవరికి చెబుతున్నారు?

'ఆ కాలానికి అదే గొప్ప' అంటారు

ఇది అందరూ వేసే అడ్డుపుల్ల. 1922లో అంతకన్నా ఎక్కువ ఆశిస్తే ఎట్లా, ఆ రోజుల్లో మీ వాళ్ళు అట్లాగే ఉండేవాళ్ళు అంటారు. ఉండేవాళ్ళా? చూద్దాం.

హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టాడు. మన పిల్లలకు బడులు పెట్టించాడు. 1917లో బెజవాడలో జరిగిన సభకు అధ్యక్షుడిగా కూర్చుని, మమ్మల్ని పంచములు అనొద్దు, మేం ఆది ఆంధ్రులం అని సభ పేరే మార్పించాడు. అంటే 'మాలపల్లి' అచ్చు కావడానికి ఐదేండ్ల ముందే, గుంటూరుకు కూతవేటు దూరంలో, మన వాళ్ళు తమ పేరు తామే పెట్టుకున్నారు. రాజమండ్రి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాసింది కూడా ఆ రోజుల్లోనే. తెల్లదొర వద్దని దేశమంతా పాడుతుంటే, ఊళ్ళో ఉన్న నల్లదొర సంగతేమిటని అడిగినవాడు ఆయన. ఆ తర్వాత 1927లో మహద్‌లో అంబేద్కర్ వేలమందితో పోయి చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగాడు.

వీళ్ళలో రామదాసు ఎవరు? ఆ కాలానికి భాగ్యరెడ్డి వర్మ ఉన్నాడు, ధర్మన్న ఉన్నాడు. వాళ్ళు సభలు పెడుతున్నారు, పత్రికలు నడుపుతున్నారు, కోపంగా రాస్తున్నారు. నవలలోకి మాత్రం రామదాసు వచ్చాడు. కాలం మీద తప్పు మోపితే ఎట్లా? కాలంలో కోపిష్టులూ ఉన్నారు, శాంతమూర్తులూ ఉన్నారు. రాసేవాడు ఒకరిని ఏరుకున్నాడు. ఆ ఏరుకోవడం గురించే మేం మాట్లాడుతున్నాం.

మా తెలంగాణ నవలల్లోనూ ఈ లెక్క వేరుగా ఏమీ లేదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' దొరల మీద నిప్పులాంటి పుస్తకమే. అయినా అందులో నాయకుడు కంఠీరవం వైష్ణవుల ఇంటి బిడ్డ. మన జిల్లా దాశరథి రంగాచార్య 1969లో రాసిన 'చిల్లర దేవుళ్ళు'లో గడీ దుర్మార్గమంతా కళ్ళకు కడుతుంది. చూసే కళ్ళు మాత్రం బయటినుంచి వచ్చిన సంగీతగాడివి. దెబ్బలు మనవి, కళ్ళు వాళ్ళవి. ఇంతకన్నా ఎక్కువ చెప్పనక్కరలేదు.

టామ్ మామ సంగతి

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో హేరియట్ బీచర్ స్టో అనే తెల్ల ఆవిడ 1852లో నల్లవాళ్ళ బానిసత్వం మీద 'అంకుల్ టామ్స్ కేబిన్' అనే నవల రాసింది. లక్షల కొద్దీ అమ్ముడుపోయింది. బానిసత్వం పోవాలనే ఉద్యమానికి బలమిచ్చింది. అందులో టామ్ అనే నల్ల బానిస దైవభక్తుడు, శాంతమూర్తి. కొట్టి చంపుతున్న యజమానిని క్షమించి చనిపోతాడు. తెల్లవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుని చదివారు. నల్లవాళ్ళు ఏం చేశారు? కొన్ని తరాలు గడిచాక వాళ్ళ భాషలో 'అంకుల్ టామ్' అనేది తిట్టయింది. దొర దగ్గర తలొంచుకుని ఉండేవాడిని అట్లా అంటారు. 1938లో రిచర్డ్ రైట్ అనే నల్ల రచయిత తన కథల పుస్తకానికి 'అంకుల్ టామ్స్ చిల్డ్రన్' అని పేరు పెట్టాడు. టామ్ పిల్లలు టామ్‌లాగా ఉండరని చెప్పడానికే ఆ పుస్తకం. 1949లో జేమ్స్ బాల్డ్విన్ ఆ పాత నవలనే నిలదీస్తూ పెద్ద వ్యాసం రాశాడు. నల్లవాళ్ళకు కృతజ్ఞత లేదని అక్కడ కూడా కొందరు అని ఉంటారు. వాళ్ళు ఆగలేదు. 1966లో బ్లాక్ పాంథర్లు పుట్టారు. వాళ్ళ పేరు చూసే 1972లో బొంబాయిలో మన వాళ్ళు దళిత్ పాంథర్స్ పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. టామ్ ఊరికే చావలేదు. పారిపోయిన ఇద్దరు ఆడవాళ్ళ జాడ చెప్పమని కొడితే, చెప్పకుండా చచ్చిపోయాడు. అతని ఓర్పు వెనక ఇద్దరి ప్రాణాలున్నాయి. మరి రామదాసు ఓర్పు ఎవరిని కాపాడింది? సంగదాసు పోయాడు, వెంకటదాసు పోయాడు. భార్య పోయింది, జ్యోతి పోయింది. ఈ లెక్క వేసుకుంటే మాకు టామ్ మీద ఉన్నపాటి గౌరవం కూడా రామదాసు మీద నిలవదు.

మా నాయిన సంగతి

ఇంత కోపం ఎందుకు, పుస్తకంలో మనిషి మీద అని మా ఇంట్లోవాళ్ళే అడిగారు. అడిగినాక ఆలోచిస్తే అసలు సంగతి తెలిసింది. చెబుతాం.

మా పెద్దన్న ఒక పటేలు దగ్గర జీతం ఉండేవాడు. పద్నాలుగేండ్లుంటాయేమో. బర్లు చేనులో పడ్డాయని పటేలు గుంజకేసి కొట్టాడు. మోచెయ్యి విరిగింది. పంచాయితీ పెట్టారు. మా నాయిన రుమాలు తీసి చేతిలో పట్టుకుని, చెప్పులు దూరంగా విడిచి, 'మీ బిడ్డె అనుకుని కొట్టిండ్రు, ఏంజేద్దుమయ్యా' అన్నాడు. రెండు కుంచాల వడ్లు, కట్టు కట్టించుకోను డబ్బులు ఇప్పించారు. నాయిన వాటిని తీసుకుని ఇంటికొచ్చాడు. అన్న చెయ్యి ఇప్పటికీ చక్కగా లేవదు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తేవాలంటే తలే కిందికి వంచుకుంటాడు.

'మాలపల్లి' చదువుతున్నప్పుడు రామదాసు మొహంలో మాకు మా నాయిన మొహం కనిపించింది. అందుకే అంత మంట. చాలాకాలం ఇద్దరినీ ఒకే గాటన కట్టి తిట్టుకున్నాం.

అది తప్పని తర్వాత మా అవ్వ చెబితే తెలిసింది. పంచాయితీ అయిన రాత్రి అవ్వ నాయినను నిలదీసిందట. 'కొడుకు చెయ్యి ఇరగ్గొడితే దండం పెట్టి అస్తవా' అన్నదట. దానికి నాయిన, 'కేసు పెడితే ఊర్ల ఉండనియ్యరే. సిన్నోని సదువు ఆగుతది' అన్నాడట. ఆ చిన్నోడు ఎవరో వేరే చెప్పాలా? ఈ వ్యాసం రాస్తున్న చెయ్యి అదే. అన్న చెయ్యి ఖర్చయి ఈ చేతికి కలం వచ్చింది.

అప్పుడు అర్థమైంది తేడా. మా నాయినది భయం, లెక్క, లేమి. రాత్రంతా నిద్రపోలేదట. పటేలు దేవుడని ఆయన ఎన్నడూ అనుకోలేదు, కొట్టడం మన కర్మ అని మాకు ఎన్నడూ చెప్పలేదు. ఇంటికొచ్చినాక అరుగు మీద కూర్చుని పటేలును బూతులు తిట్టాడు. రామదాసు ఇంట్లో కూడా తిట్టడు. మనసులో కూడా తిట్టడు. నోరు మూసుకోవడం మన వాళ్ళు బతకడానికి వాడుకున్న ఉపాయం. దాన్ని ఉన్నవ వేదాంతం చేశాడు. భయం అయితే ఒకనాటికి పోతుంది. కొడుకు చదువుకుంటే పోతుంది, సంఘం వస్తే పోతుంది, చట్టం తెలిస్తే పోతుంది. భయాన్ని భక్తి అని పేరు మార్చి పూజగదిలో పెడితే అది ఎన్నటికీ పోదు. రామదాసు మాకు నచ్చకపోవడానికి అసలు కారణం ఇదే.

కోపం తెచ్చుకున్న గుంటూరు, ప్రకాశం

'మాలపల్లి' గుంటూరు సీమ కథ. ఆ పక్కనే ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలైలో, మాదిగలు తాగే చెరువు నీళ్ళను పెద్దకులం కుర్రాళ్ళు పాడు చేస్తుంటే అడిగినందుకు కొట్టబోయారు. అడ్డంపోయిన సువార్త బిందె ఎత్తింది. మరునాడు, జూలై 17న, ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాల చేరారు, శిబిరం పెట్టారు. దళిత మహాసభ అక్కడి నుంచే లేచింది. 1991 ఆగస్టు 6న అదే గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపారు. జనం ఆ శవాలను ఊరి నడుమ పూడ్చి రక్తక్షేత్రం అన్నారు. కోర్టు మా ఊరికే రావాలన్నారు, తెప్పించుకున్నారు. 2007లో ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

చివరికి ఓడిపోయారు కదా అంటారేమో. తీర్పు ఓడిపోయింది. ఆ పదహారేండ్లు సాక్షులు బెదిరింపులకు, డబ్బుకు లొంగకుండా నిలబడ్డ సంగతి ఏ హైకోర్టూ కొట్టెయ్యలేదు. 'క్షమించండి, పెద్దమనసు చేసుకోండి' అని వాళ్ళకు చెప్పినవాళ్ళు తక్కువా? రామదాసు అయితే వినేవాడు. వాళ్ళు వినలేదు. బిందె ఎత్తిన సువార్త ఏ నవలలో నాయికో మాకు తెలియదు. మా పిల్లలకు చెప్పే కథలో మాత్రం నాయిక ఆమే.

మళ్ళీ మా దగ్గరికే వచ్చింది

పోయిన ఏడు మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడి తండ్రిని కూలి బాకీ అడిగినందుకు కొట్టారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టాడు. వారం తిరగకముందే నలుగురు పెద్దమనుషులు బడికే వచ్చి, కుర్చీల్లో కూర్చుని, 'సార్, మీ మనిషే కదా, మీరు చెబితే వింటడు. ఊర్ల అందరం కలిసి ఉండాలె' అన్నారు. కొట్టినవాడికి చెప్పమని ఎవరూ అనలేదు. దెబ్బలు తిన్నవాడికే చెప్పమన్నారు. మా డిగ్రీ క్లాసు, లెక్చరరు, వెనక బెంచీల మీద పడ్డ ఆ చూపు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చదువుకున్న దళితుణ్ణి ఊరు ఇందుకే వాడుకోవాలనుకుంటుంది. ఇంకొక రామదాసును తయారుచేసి పెట్టే పంతులుగా.

మేం ఆ సాయంత్రం వాడకు పోయాం. చట్టం కాగితం చదివి వినిపించాం. రాజీ పడాలో వద్దో నీ ఇష్టం, మేం మాత్రం పడమని చెప్పడానికి రాలేదు అన్నాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'నా పోరడు సూస్తున్నడు సార్. ఇప్పుడు నేను ఊకుంటే రేపు వాడు ఊకుంటడు' అన్నాడు. కేసు నడుస్తున్నది. వాయిదాల మీద వాయిదాలు. కూలి పోగొట్టుకుని తిరుగుతున్నాడు. ఆయన గెలుస్తాడని మేం మాట ఇవ్వలేం. కానీ ఆ ఇంట్లో కొడుకు తన తండ్రిని తలుచుకుని మంటపడే రోజు మాత్రం రాదు.

ఆ తర్వాత ఒకనాడు లైబ్రరీ పీరియడులో ఎనిమిదో తరగతి పిల్లలకు 'మాలపల్లి' కథ చెప్పాం. మా అభిప్రాయం ఏమీ చెప్పలేదు. కథ అయిపోయాక ఒక అమ్మాయి లేచి, 'కొడుకును సంపినోని మీద కోపం రాకుంటే ఆయన నాయినెట్లయితడు సార్?' అన్నది. పదమూడేండ్ల పిల్ల. మేం ఇరవై ఏండ్లు కడుపులో దాచుకున్న మాటను నిలబడి అడిగేసింది. సాహిత్య విమర్శ అంటే ఇంకేముంది?

కాబట్టి మా మనవి ఇది. 'మాలపల్లి'ని తీసి పారెయ్యమని మేం అనడం లేదు. ప్రతి బడి లైబ్రరీలో ఉండాలి. పిల్లలు చదవాలి, రామదాసుతో తగువు పెట్టుకోవాలి. పక్కనే 2000లో వచ్చిన కళ్యాణరావు 'అంటరాని వసంతం' ఉండాలి, వేముల ఎల్లయ్య 'కక్క' ఉండాలి. కోపం వచ్చే మనుషులు, తప్పులు చేసే మనుషులు, నవ్వే మనుషులు, మన వాడ మనుషులుగా కనిపించే పుస్తకాలు ఉండాలి. ఎవరు నచ్చారో పిల్లలే చెబుతారు. టీచరు మిత్రులకు ఒక్క మాట. రామదాసు పాఠం చెప్పేటప్పుడు దయచేసి వెనక బెంచీల వైపు చూడకండి. చూడాలనిపిస్తే ముందు బెంచీలను చూసి చౌదరయ్య గురించి చెప్పండి.

ఈ వ్యాసం రాసేముందు మా నాయినకు కూడా ఆ కథ చెప్పాం. ఇప్పుడు ముసలివాడు, చూపు సరిగా ఆనదు. అంతా విని, 'ఆ పెద్దమనిషికి భూమి ఉండెనా?' అని అడిగాడు. కొంత ఉండె అన్నాం. కాసేపు ఊరుకుని, 'భూమి ఉండి గూడ ఊకున్నడా!' అన్నాడు.

జై భీమ్!